హంసకు చక్రాలు

మా పెదనాన్న ఫోన్లో హలో అనడు. మాట మధ్యలోంచి మొదలెడతాడు, ముందు సగం మనమే ఊహించుకోవాలి. ఆ రోజు ఆఫీసులో పదకొండు గంటల మీటింగు నడుస్తోంది. నిన్నేం చేశాం, ఇవాళేం చేస్తాం అని ఒక్కొక్కరూ నిలబడి చెప్పాలి. సరిగ్గా నా వంతు రాబోతుండగా ఫోన్ మోగింది. అలాంటి సమయంలో లోన్ కావాలా అని ఎవరడిగినా ఎత్తి మాట్లాడతాను. బయటికొచ్చి ఎత్తాను.

“హంసకి చక్రాలేంట్రా?” అన్నాడు.

అర్థం కాలేదని చెప్పగలిగితే ఎంత బాగుండేదో. కానీ భూప్రపంచంలో ఆ ప్రశ్న అర్థమయ్యే మనిషిని నేనొక్కణ్ణే. ఏదో ఒకటి అడగాలి కాబట్టి ఎన్ని చక్రాలున్నాయని అడిగాను.

“పక్క నుంచి రెండు కనపడతన్నాయి. మూడోది అవతల ఉందేమో, నువ్వే చెప్పాలి.”

ఎంతవరకు నేశావని అడిగితే, అదే చూడాలి, నువ్వు రా అని పెట్టేశాడు. నేను లోపలికెళ్ళి, ఇంట్లో అత్యవసరం, వెళ్ళాలి అని చెప్పాను. ఎవరికి ఏమైందని మా టీం లీడ్ గారు ఆందోళనగా అడిగారు. హంసకి అని చెప్పలేక, పెదనాన్నకి అన్నాను.

మాది నేతపనివాళ్ళ కుటుంబం. ఊరు విజయవాడ నుంచి కాలువ వెంట గంటన్నర బస్సు. మా నాన్న కుర్రతనంలోనే మగ్గం వదిలేసి బడిపంతులయ్యాడు. పెదనాన్న వదల్లేదు. దానివల్ల నేను నేతగాళ్ళ దగ్గర సాఫ్ట్‌వేర్ వాణ్ణి, సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర నేతగాణ్ణి. రెండు చోట్లా నాకు పరీక్ష పెట్టగలిగిన వాళ్ళు రెండో చోట ఉండేవాళ్ళు కాబట్టి చాలాకాలం గౌరవంగానే బతికాను.

పెదనాన్న మగ్గం మీద జకార్డు పెట్టె ఉంది. అటక మీద సామాను పెట్టినట్టు మగ్గం నెత్తిన కూర్చుని ఉంటుంది. దానికి చిల్లులు కొట్టిన అట్టల దండ ఒకటి వేలాడుతుంది. చిల్లున్న చోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అంచులో హంసైనా పువ్వైనా ఆ చిల్లుల్లోనే ఉంటుంది. మా తాత గీసిన హంసల అంచుకి అట్టలుండేవి, వాటిని చెదలు తినేశాయి. రెండేళ్ళుగా పెదనాన్న సాదా అంచు చీరలే నేస్తున్నాడు. పని లేని జకార్డు పెట్టెకి పెద్దమ్మ ఉల్లిపాయల బుట్ట తగిలించింది.

అప్పుడు విజయవాడ వన్ టౌన్‌లో మేం నేసిన బట్ట కొనే షావుకారు గారు ఒక మాట అన్నారు. ఆ పాత హంసల అంచు చీర ఒకటి నేసి తీసుకురండి, నచ్చితే దసరా దాకా మీ వీధి మగ్గాలకి జకార్డు పని ఇస్తాను అని. పెదనాన్న ఇంటికొచ్చి పెట్టె వైపు చాలాసేపు చూశాడట. ఈ చీర కుదిరితే కుదిరింది, లేకపోతే దీన్ని దించి పాత ఇనుముకి వేసేస్తాను అన్నాడు. పెద్దమ్మ ఉల్లిపాయల బుట్ట తీసి పక్కన పెట్టింది. మా ఇళ్ళలో ఆశ పుట్టడం అంటే అంతే, బుట్ట తీసి పక్కన పెట్టడం.

మగ్గం మీద మిగిలిన పడుగు, అంటే నిలువు దారాలు, ఒకటిన్నర చీరకి సరిపోతుంది. ఆ రంగు నూలు మళ్ళీ దొరకదు. తప్పు చేయడానికి అర చీర ఉందన్నమాట. ఈ మాట పెదనాన్న నాకు ముందే చెప్పాడు. నేను నవ్వి, తప్పు ఎందుకు జరుగుతుంది, కంప్యూటర్లో చేస్తాగా అన్నాను. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకునే సౌకర్యం ఏ సాఫ్ట్‌వేర్లోనూ లేదు.

చెయ్యమని నన్నెవరూ అడగలేదని ఇక్కడ నమోదు చేయాలి. నాయనమ్మ చీర ఒకటి మిగిలుంది, దాని అంచులో తాత హంసలున్నాయి. దాన్ని ఫోటో తీసి, దారం దారం లెక్కపెట్టి, గళ్ళ కాగితం మీద లాగా కంప్యూటర్లో గీశాను. నేను ఎంచుకున్న హంస ముక్కు మీద ఆవకాయ నూనె మరక ఉంది. ముక్కు పక్క హంస దగ్గర్నుంచి తెచ్చుకున్నాను. ఇంతవరకు మనిషి చేయదగ్గ పనే. ఆ తర్వాత నాలోని ఇంజనీరు మేలుకున్నాడు.

మా పనిలో గిట్ అని ఒకటుంది. రాసిన ప్రతిదీ ఏ రోజు ఎలా ఉందో అలాగే దాచి, ప్రతి రూపానికీ ఒక నంబరిస్తుంది. అందులో ఒక ప్రాజెక్టు లోపల ఇంకో ప్రాజెక్టుని పెట్టుకోవచ్చు, సబ్‌మాడ్యూల్ అంటారు. పెట్టుకోవడమంటే నిజంగా పెట్టుకోవడం కాదు. బయటిదాంట్లో ఒక చీటీ ఉంటుంది, లోపల ఫలానా ప్రాజెక్టు, ఫలానా నంబరు రూపం అని. చీటీ ఇక్కడ, సరుకు వేరేచోట. నేను చీర అని ఒక ప్రాజెక్టు, దాని లోపల అంచు అని ఇంకోటి, అంచు లోపల హంస అని మూడోది పెట్టాను. ఒక్క ఫోల్డర్లో మూడు ఫైళ్ళు పడేస్తే అయిపోయే పని. మరి ఎందుకంటే, రేపు హంస ముక్కు దిద్దితే అన్ని చీరల్లోనూ దానంతటదే దిద్దుకుంటుంది కదా అని. అన్ని చీరలు అంటే అప్పటికి ఒకటి. అది కూడా ఇంకా నేయలేదు.

సబ్‌మాడ్యూల్స్ గురించి మా టీం లీడ్ గారిని ఒకసారి అడిగాను. ఆయన పదిహేనేళ్ళ అనుభవాన్నంతా కూడదీసుకుని “వద్దు” అన్నారు. కారణం చెప్పలేదు కాబట్టి లేదనుకున్నాను.

ఇక చక్రాల సంగతి. అట్టల మీదకి బొమ్మ కుడి ఎడమలు తిరగబడకుండా వెళుతోందా అని చూసుకోవాలి. హంసతో చూస్తే మెడ వంపులో నాకు ఏది ఎటో తెలియడం లేదు. అందుకని పరీక్ష కోసం హంస స్థానంలో ఆటో గీశాను. ఆటో ఎటు పోతుందో విజయవాడలో ఉన్నవాడికి చెప్పక్కర్లేదు, కనీసం బొమ్మలో. శ్రద్ధగానే గీశాను. వెనకాల ‘అమ్మ దీవెన’ అని కూడా రాయాలనుకున్నాను గానీ దారాలు చాలలేదు. పరీక్ష అయ్యాక ఆటో తీసేసి, ఆ చోట అసలు హంసని పెట్టాను. హంసలో మార్పు నమోదు చేశాను. అంచులో చీటీ మార్చాను. చీరలో చీటీ మార్చాను. చీరని సర్వర్‌కి, అంటే అందరూ దింపుకునే చోటికి పంపాను, అంచుని పంపాను. హంసని పంపడం మర్చిపోయాను.

అంటే రెండు చీటీలు ఊరంతా తిరుగుతున్నాయి, లోపల కొత్త హంస ఉందని. ఆ హంస మాత్రం వన్ టౌన్‌లో, బట్టల గోడౌను పైన, నా గదిలో, నా లాప్‌టాప్‌లో ఒక్కదాంట్లోనే ఉంది.

అయినా ప్రమాదం ఆగేదే. మా ఊళ్ళో అట్టలకి చిల్లులు కొట్టే మిషను ఒకాయన దగ్గరుంది. అట్టలాయన అంటారు. ఆయన కంప్యూటర్లో బటన్ నొక్కితే చాలు, నా దగ్గర్నుంచి కొత్త డిజైను దిగేలా నేనే అమర్చి వచ్చాను. ఆయన నొక్కాడు. చీర దిగింది, అంచు దిగింది, హంస దగ్గర ఆగి ఎర్ర అక్షరాల్లో మొత్తుకుంది. ఆయన జాగ్రత్త కలిగిన మనిషి, వెంటనే నాకు ఫోన్ చేశాడు. ఎర్రగా ‘ఫాటల్’ అని ఏదో వచ్చిందండి, ఫాటల్ అంటే ప్రాణం మీదికొచ్చేది కదండీ అన్నాడు. నేను బిర్యానీ తింటున్నాను. అది కంప్యూటర్ మాట తీరండి, అలాగే అంటుంది, ఎంటర్ కొట్టేయండి అన్నాను.

ఆయన కొట్టేశాడు. ఆయన కంప్యూటర్లో హంస ఉండాల్సిన చోట, అంతకు ముందు పరీక్షకి దింపిన ఆటోనే ఉంది. ఆయన తెర మీద అంచంతా చిన్న చిన్న గళ్ళే, అందులో చక్రమేదో రెక్కేదో పోల్చుకోవడం కష్టం. అట్టలు పడ్డాయి, దండ గుచ్చారు, పెదనాన్న మగ్గానికి ఎక్కించాడు.

బస్సులో లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కావిడ తన సంచీ బరువుగా ఉందని సగం నా ఒళ్ళోకి జరిపింది. అందులో చేపలున్నాయి. తాత హంసకి లోకంలో ఉన్న ఏకైక కొత్త ప్రతి చేపల కింద ఊరికి ప్రయాణించింది. హంసలకి చేపలు కొత్త కాదులే అని సర్దిచెప్పుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి పెద్దమ్మ కింద కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి, మొహమాటంగా నవ్వింది.

విషయం ఏమిటంటే, జకార్డు చీర బోర్లా నేస్తారు. మంచి వైపు కిందకుంటుంది, నేసే మనిషికి వెనక వైపు దారాల గజిబిజి తప్ప బొమ్మ తెలియదు. అందుకే పెదనాన్న ఎప్పుడూ జానెడుకోసారి కిందికి అద్దం పెట్టి చూసుకుంటాడు. ఈసారి చూసుకోలేదు. కంప్యూటర్ లెక్క కదా, తేడా రాదనుకున్నాడు. నలభై ఏళ్ళ అలవాటు నా మీద గౌరవంతో మానుకున్నాడు. కింద కూర్చునే పెద్దమ్మకి మాత్రం మగ్గం అడుగు వైపు తిన్నగా కళ్ళకి ఆనుతుంది. మొదటి ఆటో దగ్గర్నుంచీ ఆవిడ అన్నీ చూస్తూనే ఉంది.

“మొన్న పొద్దున్నే చూశానయ్యా,” అంది. “చదువుకున్నోడివి, ఏదో ఉద్దేశంతోనే వేసుంటావులే అనుకున్నా.”

రెండు రోజులూ అలా అనుకుని, ఇవాళ పొద్దున చద్దన్నం వడ్డిస్తూ, ఈ చీర ఆటో యూనియన్ వాళ్ళు చెప్పారా అని పెదనాన్నని అడిగిందట. ఆయన ముద్ద కంచంలో వదిలేసి, చెయ్యి కడక్కుండానే అద్దం పట్టుకుని మగ్గం కిందికి వంగాడు.

మా ఇంట్లో నా చదువుని శంకించిన వాళ్ళు ఒక్కరైనా ఉండుంటే ఈ చీర మొదటి జానెడులోనే ఆగేది. అంత గౌరవానికి అర్హుణ్ణి కానని నేనైనా ముందే చెప్పి ఉండాల్సింది.

పెదనాన్న తిట్టలేదు. తిడితే సగం భారం దిగేది, ఆ సంగతి ఆయనకీ తెలుసు. “వెనక్కెళ్ళి గుర్తెక్కడుందో చూడు,” అన్నాడు.

పడుగు సిద్ధం చేసేటప్పుడే చీర పొడుగుకొకచోట దారాల మీద ఎర్రరంగు గుర్తు పెడతారు. ఇప్పుడు మగ్గం మీదున్న పడుగులో ముందు అర చీర, ఆ తర్వాత గుర్తు, గుర్తు వెనక నిండు చీర. ఆటోలు ఆ గుర్తు దాటి ఉంటే మిగిలిన దారంతో చీర పూర్తవదు. దాటకపోతే ఆటోల ముక్క కోసి పక్కన పడేసి, గుర్తు దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టొచ్చు. పెట్టె ఉంటుందా పాత ఇనుములోకి పోతుందా అన్నది ఆ ఎర్ర గీత ఎక్కడుందన్న దాని మీద ఉంది.

మగ్గం వెనక మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. వెనకెక్కడా గుర్తు లేదు. అంటే దాటిపోయిందన్నమాటే. అప్పటికి నా బుర్రలో మా లీడ్ గారి ‘వద్దు’ మైకులో వినిపిస్తోంది. కనపడలేదు పెదనాన్నా అన్నాను, గొంతు వీలైనంత విషాదంగా పెట్టి.

“లైటుకి అడ్డం లే,” అన్నాడు.

లేచాను. నా నీడ జరిగింది. గుర్తు ముందుకొచ్చి ఉంది గానీ ఇంకా గుడ్డలో కలవలేదు. ఆఖరి ఆటోకీ దానికీ మధ్య దారాలు ఒక జానెడు ఖాళీగా ఉన్నాయి. పెదనాన్న చెయ్యి చాపి కొలిచాడు, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా. ఆ ఆటో యూనియన్ ప్రశ్న పెద్దమ్మ పొద్దున కాక మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగి ఉంటే ఆ జానెడు ఉండేది కాదు.

ఆయన కత్తెర తెమ్మన్నాడు. నేను కాసేపు కళ్ళు మూసుకుని ఉండాల్సిన ఘట్టం ఇదేననుకున్నాను. ఆయన నిమ్మకాయ కోసినట్టు ముక్క కోసి, మడిచి, అరుగు మీద పెట్టి, ఇప్పుడు చెప్పు, ఎలా జరిగింది అన్నాడు.

చెప్పాను. గిట్ దగ్గర మొదలెట్టి, మూడు ప్రాజెక్టులు, నంబర్లు, సర్వర్, అన్నీ. చేతులు తిప్పుతూ పది నిమిషాలు చెప్పాను. ఆయన బీడీ వెలిగించకుండా వేళ్ళ మధ్య పట్టుకుని విన్నాడు.

“అంటే చీటీ పంపావు, సరుకు పంపలేదు,” అన్నాడు.

“అంతే.”

“లోపలిది ముందు పంపాలి, తర్వాత దాన్ని మోసేది, చివర్న అన్నిటికన్నా పైది. మూట కట్టే పద్ధతేగా. దీనికి ఇంత ఇంగ్లీషు దేనికిరా?”

ఈ ఒక్క మాట చెప్పడానికి మావాళ్ళు పేజీలకి పేజీలు రాశారు, నేను అవన్నీ చదివాను కూడా.

అరుగు మీదే కూర్చుని, ఫోన్‌లోని నెట్ కలిపి, హంసని పంపాను. ఊపిరి పీల్చి వదిలేంత సేపు పట్టింది. రెండు రోజుల నేత, అర చీర నూలు, ఒక కుటుంబం పరువు, ఇన్నిటికీ అడ్డం పడిన పని అంత చిన్నదని ఎవరికీ తెలియకుండా, ఇంకా ఏదో కొడుతున్నట్టు కాసేపు కీబోర్డు మీద వేళ్ళు ఆడించాను.

తర్వాత అట్టలాయన దగ్గరికెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన బటన్ నొక్కాడు. మూడూ దిగాయి, ఎక్కడా ఎర్ర అక్షరం లేదు. ఆయన మొహంలో అనుమానం. ఇవాళ ఎర్రగా ఏమీ రాలేదండి, పర్లేదంటారా అన్నాడు. ఈయనకి కంప్యూటర్ నేర్పింది నేనే. చెంపలేసుకోవాలనిపించింది గానీ, పర్లేదండి, ఇకనుంచి ఎర్రగా వస్తే ఎంటర్ కొట్టకండి, నాకు ఫోన్ చేసి నన్ను కొట్టండి అని చెప్పి వచ్చాను.

చీర పూర్తయిన రోజు పెదనాన్న విజయవాడ వచ్చాడు. నేను గది దిగి వెళ్ళేసరికి, తోపుడు బళ్ళ మధ్య చంకలో మూటతో నిలబడి ఉన్నాడు. షాపులో షావుకారు గారు తెల్ల పరుపు మీద కూర్చుని ఉన్నారు. పెదనాన్న మూట ఆయన ముందు పెట్టాడు. అప్పుడు చూశాను. మూట కట్టిన గుడ్డ, ఆటోల ముక్క. నేసిన గుడ్డ పారేయడం మా వాళ్ళ చేత కాదు.

షావుకారు గారు మూట విప్పలేదు. కళ్ళజోడు పైకి నెట్టి ఆ ఆటోల వరసనే చూస్తున్నారు, వేలితో ఒక్కో చక్రం తడుముతూ. నిజం చెప్పొద్దూ, నాలో ఒక ఆశ పుట్టింది. కథల్లో ఇలాగే జరుగుతుంది కదా. పొరపాటున పుట్టింది సంచలనమైపోతుంది, ఆటోల చీరల కోసం జనం క్యూ కడతారు, వద్దన్న టీం లీడ్ గారు నన్ను సలహా అడుగుతారు.

“ఇవి ఆటోలా?” అన్నారు షావుకారు గారు.

“అవునండి,” అన్నాడు పెదనాన్న.

“ఎవరు కడతారండీ?”

షావుకారు గారే మూట విప్పి చీర తీశారు. ఒక కొస తను పట్టుకుని రెండో కొస గుమాస్తాకి ఇచ్చి, వెలుగులోకి చాపించారు. తాత హంసలు వరసగా, ఆవకాయ మరకలు లేకుండా, అందరికీ ముక్కులతో. తర్వాత, ఈ గీత ఎవరిది అని అడిగారు. నేను నిటారుగా కూర్చున్నాను.

“ఆటో మావాడిదండి,” అన్నాడు పెదనాన్న నన్ను చూపించి. “హంస మా నాన్నది.”

“అయితే హంసే ఉంచండి,” అన్నారాయన.

వీధి మగ్గాలన్నిటికీ అనుకున్న పని రెండు మగ్గాలకే దక్కింది, దసరా దాకా. ఒకటి పెదనాన్నది, ఒకటి ఎదురింటి వాళ్ళది. అమ్ముడైతే మిగతావి చూద్దాం అన్నారు. పెదనాన్న దానికే రెండు చేతులూ జోడించాడు. బయటికొచ్చి సోడా తాగుతూ, పెట్టెకి నూనె వెయ్యాలి, కిర్రుమంటోంది అన్నాడు. దించేస్తానన్న పెట్టెకి నూనె ఎవరూ వెయ్యరు కాబట్టి, నాకు కావలసిన మాట నాకు దొరికింది.

ఉల్లిపాయల బుట్ట ఇప్పుడు వంటింట్లో ఉంది. ఆటోల ముక్క పెద్దమ్మ కుట్టుమిషను మీద కప్పుతోంది. వచ్చిన వాళ్ళందరికీ మావాడు గీశాడని చూపిస్తుంది, ఇంకా ఏదో ఉద్దేశం ఉందనే ఆవిడ నమ్మకం.

లోపలిది పంపకుండా బయటిది పంపబోతే అడ్డుకునే ఏర్పాటు గిట్‌లోనే ఉంది. ఒక్క లైను. మొదటి రోజే పెట్టుకోవాల్సింది, ఇప్పుడు పెట్టుకున్నాను. పెదనాన్నకి దాని మీద నమ్మకం లేదు. కొత్త అట్టలు కొట్టించే ముందు ప్రతిసారీ ఫోన్ చేస్తాడు, హలో లేకుండా. మొన్న కూడా చేశాడు, సరిగ్గా పదకొండు గంటల మీటింగులో.

“హంస పంపావా?”

“పంపాను.”

“అంచు?”

“పంపాను.”

“చీర?”

“పంపాను పెదనాన్నా.”

“అద్దం పెట్టే చూస్తాలే,” అని పెట్టేశాడు.

నేను మీటింగు మధ్యలోనే లాప్‌టాప్ తెరిచి, అప్పటిదాకా పంపని మూడింట్లో ముందుగా హంసని పంపాను.